కవచమును గూర్చిన యింటి నియమములు

క్రీడకు నియమము ప్రాణము. నియమము లేని యాట వట్టి గంతులాట యగును. అయినను నియమములన్నియు నొక్క గ్రంథమునుండియే పుట్టినవి కావు. మన దేశపు చదరంగమునందు పెద్దలు బంటును మొదటి యెత్తునందు సైతము ఒక్క గడియే నడపెడివారు. పాశ్చాత్య పద్ధతిలో మొదటి యెత్తునకు రెండు గడులు నడపవచ్చును. వీధి క్రికెట్టులో ఒకమాఱు నేలఁబడి లేచిన బంతిని ఒంటిచేతఁ బట్టినచో బ్యాటు పట్టినవాఁడు ఔటని కొన్ని వీధుల కట్టడి. ప్రక్క వీధిలో అట్టి కట్టడి యుండదు. ఇట్లు ఆడువారు తమలోఁ దాము ఏర్పఱచుకొను కట్టుబాటులను ఆంగ్లేయులు హౌస్ రూల్స్ అందురు. వానిని మనము ఇంటి నియమములని పిలువవచ్చును.

ఇంటి నియమములు చేయుట తప్పు గాదు. వానిని ఎట్లు చేయవలెను, ఎవరి మేలు కొఱకుఁ జేయవలెను అనునదియే ప్రశ్న. ఆ ప్రశ్నను ఒక్క యాటలోని ఒక్క విషయమును బట్టి విచారింపఁ దలఁచితిని. ఆ యాట డంజన్స్ అండ్ డ్రాగన్స్. ఆ విషయము కవచము.

ఈ యాటను జూడని తలిదండ్రుల కొఱకు రెండు మాటలు. నలుగురైదుగురు ఒక బల్లచుట్టు గూర్చుందురు. వారిలో ఒకరు డంజన్ మాస్టరు. ఆయన కథను నడపును. శత్రువుల పక్షమున నాడును. తగవు వచ్చినచోఁ దీర్చును. తక్కిన వారు ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరింతురు: ఒకరు ఖడ్గధారి, ఒకరు మాంత్రికుఁడు, ఒకరు విలుకాఁడు. కథలో నొక పని కొనసాగునో లేదో యను సంశయము గలిగినప్పుడు ఇరువది ముఖముల పాచికను వేసి తేల్చుకొందురు. ఇందు పందెము లేదు. ధనము చేతులు మాఱదు. అమెరికా దేశీయులగు గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దీనిని గల్పించిరి; 1974వ సంవత్సరమున నిది యచ్చుపడెను. నేఁడు మన దేశమునందును విద్యార్థులు కొందఱు దీని నాడుచున్నారు.

ఇఁక కవచము మాట. ఈ యాటలోఁ బ్రతి పాత్రకును ఆర్మర్ క్లాసు అను నొక సంఖ్య యుండును. కొట్టువాఁడు పాచిక వేసి, వచ్చిన దానికిఁ దన బలమునకును నేర్పునకును ఏర్పడిన యంకెను గలుపును. ఆ మొత్తము ఎదుటివాని సంఖ్యకు సమమైనను, దానిని మించినను, దెబ్బ తగిలినట్లు, తక్కువైనచోఁ దగులనట్లు. తగిలినప్పుడు వేఱొక పాచిక వేసి, వచ్చినంత యా పాత్రయొక్క హిట్ పాయింటులనుండి తీసివేయుదురు. అవి సున్న యగునప్పటికి పాత్ర నేలఁ గూలును. 2014లో వెలువడిన యైదవ కూర్పునందు, కవచము లేనివాని సంఖ్య 10, తోలు కవచము 11. ఈ రెంటికిని వాని చుఱుకుఁదనము కొలఁది కొంత హెచ్చును. గొలుసు కవచము 16. ఒడలెల్ల గప్పు ఇనుపరేకుల కవచము 18. డాలు పట్టినచో మఱి 2 హెచ్చును.

ఆదిలో ఈ సంఖ్య క్రిందికి దిగెడిది. 1974 నాఁటి గ్రంథమునందు కవచము లేనివానికి 9, రేకుల కవచమును డాలును గలవానికి 2. ఆనాఁడు సంఖ్య యెంత తక్కువయో రక్షణ యంత హెచ్చు. 2000లో వచ్చిన మూఁడవ కూర్పువారు దానిని త్రిప్పివేసి, హెచ్చు సంఖ్యయే మేలని నిర్ణయించిరి. కావున ఆటను అచ్చువేయువారే నియమమును మార్చుచుండఁగా, ఆడువారు మార్చరాదనుట న్యాయము గాదు.

అయితే యొక సంగతి గమనింపుఁడు. లెక్కలు మాఱినను మూలసూత్రము మాఱలేదు. ఈ యాటలోఁ గవచము దెబ్బను దగులకుండఁ జేయును గాని, తగిలిన దెబ్బను దగ్గింపదు. బుద్ధిమంతుఁడైన బాలుఁ డెవఁడైనను దీనిని వినిన వెంటనే ఇట్లడుగును: "ఇనుము తొడిగినవాఁడు బరువుచేత మెల్లగాఁ గదలును గదా! వానిని గొట్టుట సులభమై, గాయము మాత్రము స్వల్పము గావలెను. ఇచ్చట నంతయుఁ దాఱుమాఱుగా నున్నదేమి?"

ఈ యాక్షేపణ తేలికగాఁ ద్రోసివేయఁదగినది గాదు, క్రొత్తదియుఁ గాదు. 1978లో వెలువడిన రూన్‌క్వెస్ట్ అను నాటలో కవచము దెబ్బలోఁ గొంత భాగమును మ్రింగివేయును. చేతికి వేఱుగా, కాలికి వేఱుగా, తలకు వేఱుగా లెక్క యుండును. 1986లో వచ్చిన గర్ప్స్ అను నాటయు దెబ్బనుండి కొంత తీసివేయు పద్ధతినే యవలంబించినది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ వారు సైతము 2004లో అనర్త్‌డ్ ఆర్కానా యను గ్రంథమున, ఇష్టమైనవారు వాడుకొనవచ్చునని, కవచము దెబ్బను దగ్గించు పద్ధతి నొకదానిని జూపిరి. కావుననే యనేకులు తమ బల్లయొద్ద మొట్టమొదటఁ జేయు నింటి నియమము కవచమును గూర్చినదే యగుచున్నది.

నా యభిప్రాయ మేమనఁగా: కవచము పనిని మొత్తముగా మార్చివేయు నింటి నియమము, చూచుటకు సత్యమునకు దగ్గరగా నున్నను, బల్లయొద్దఁ గూర్చున్నవారిలోఁ గొందఱకు అన్యాయము చేయును. చిన్నదియు, అందఱకు నొక్కటియు, ముందుగాఁ జెప్పఁబడినదియు నగు నియమమే మేలు.

మొదట, పాత నియమము తోఁచినంత యవివేకమైనది గాదు. రేకుల కవచమును జేసిన కమ్మరులు దాని తలమును వంపుగాఁ దీర్చిరి. కత్తిమొన దానిపైఁ బడి ప్రక్కకు జాఱిపోవలెనని వారి యుద్దేశము. అట్టి కవచము తొడిగినవానిని గాయపఱపఁ గోరువాఁడు ఇనుమును ఖండింపఁ జూడఁడు. చంక క్రింద, ముసుఁగు సందున, మోకాలి వెనుక, ఎచ్చట సందు దొరకునా యని వెదకును. పాత నిబంధనలోని అహాబు రాజు కథ మన విద్యార్థు లెఱిఁగినదే. ఆయన మాఱువేషముతో యుద్ధమునకుఁ బోయెను. ఎవఁడో గుఱిచూడక విడిచిన బాణము ఆయన కవచపుఁ గీళ్ల సందునఁ దగిలి ప్రాణము దీసెను. భారతమునఁ గర్ణుని సహజకవచమునకు సందు లేదు. కావుననే ఇంద్రుఁడు దానిని యాచింపవలసి వచ్చెను. ఈ దృష్టితోఁ జూచినచో, పాచిక పదునెనిమిదిని చేరుట యనఁగా ఒడలిని దాఁకుట మాత్రము గాదు, సందు దొరకుట. చేరకపోవుట యనఁగా దెబ్బ ఇనుముపైఁ బడి వ్యర్థమగుట. హిట్ పాయింటులు సైతము కేవలము రక్తమాంసములు గావనియు, వానిలో నేర్పును అదృష్టమును గలసియున్నవనియు గైగాక్స్ 1979 నాఁటి తన గ్రంథమునఁ జెప్పియున్నాఁడు.

గొలుసు కవచము విషయమున ఆక్షేపించువాని మాటలోఁ గొంత సత్యము గలదు. గొలుసు కత్తియంచును ఆపును గాని, గదదెబ్బయొక్క యదురును ఆపలేదు. అందుచేతనే దాని క్రింద దూదియో గుడ్డపొరలో కుట్టిన మందపుఁ జొక్కాను దొడిగెడివారు. కావున నిరుపక్షములందును సగము సత్యమున్నది. ఆటలో నీ రెండు సగములలో నొకదానినే సులభముగా నిమిడ్చుకొనఁగలము.

ఇప్పుడు లెక్క వేసి చూతము. ఒక శత్రువు పాచికకు 5 కలుపుకొనువాఁ డనుకొనుఁడు. రేకుల కవచము గలవానిని ఇరువదిమాఱులు గొట్టినచో, సగటున 8 దెబ్బలు తగులును. అతని కత్తిదెబ్బ యెనిమిది ముఖముల పాచికకు 3 కలిపినది, అనఁగా సగటున ఏడున్నర. మొత్తము నష్టము 60. ఇఁక నింటి నియమము జేసి, కవచధారి సంఖ్యను 10కి దింపి, తగిలిన ప్రతి దెబ్బనుండియు 4 తీసివేయుద మనుకొందము. ఇరువదింటిలో 16 దెబ్బలు తగులును, ఒక్కొక్కటి మూఁడున్నర, మొత్తము 56. పాత లెక్కకును క్రొత్త లెక్కకును భేదము స్వల్పమే. నియమము చేసినవాఁడు దీనిని జూచి, అంతయు సరిపోయినదని సంతోషించును.

అయితే శత్రువు చేతఁ గత్తికి బదులు బాకు పెట్టి చూడుఁడు. నాలుగు ముఖముల పాచికకు 2 కలిపిన దెబ్బ సగటున నాలుగున్నర. పాత నియమమున నిరువది పోటులకు నష్టము 36. క్రొత్త నియమమునఁ బోట్లలో సగము శూన్యమగును; మొత్తము 12 మాత్రమే. ఇప్పుడు బాకు తీసి రాక్షసుని గదను బెట్టుఁడు. రెండు ఎనిమిది ముఖముల పాచికలకు 4 కలిపిన దెబ్బ సగటున 13. పాత నియమమున 104. క్రొత్త నియమమున 144! (పాచిక ఇరువది పడినపుడు దెబ్బ హెచ్చు విశేషమును రెండు లెక్కలలోను విడిచితిని.) చిన్న దెబ్బలకుఁ గవచము పర్వతమైనది, పెద్ద దెబ్బలకు గడ్డిపోచ యైనది. కవచధారికి మేలు చేయఁబోయిన నియమము, రాక్షసుని యెదుట వానికే కీడు చేసినది.

దీనివలన నష్టపడువా రెవరు? చుఱుకైన చిన్న పాత్రను గోరుకొని, రెండు బాకులతో నాలుగు చిన్న దెబ్బలు గొట్టి జయింపఁదలఁచిన బాలుఁడు మొదటివాఁడు. శత్రువులు కవచము దొడిగి వచ్చిన నాఁడు వాని పోట్లు గోడకుఁ గొట్టిన బంతులగును. పెద్ద ఖడ్గము పట్టినవాఁడు మాత్రము కథనంతయు నడపును. మిగిలినవారు చూచుచుఁ గూర్చుందురు. నలుగురు గలసి యాడవలసిన యాటలో నొకని కోరికవలన మఱియొకఁడు చేతులు ముడుచుకొని కూర్చుండుట కంటె పెద్ద దోష మేమున్నది?

ఈ దోషమును సవరింప మఱియొక నియమము, దానిని సవరింప వేఱొకటి చేయవచ్చును. అట్లు చేయఁబోయినవారి యనుభవము మన కున్నది. 1978 నాఁటి ఆటగ్రంథములో ఏ యాయుధము ఏ కవచముపై నెంత పనిచేయునో తెలుపు పట్టిక నొకదానిని అచ్చువేసిరి. శాస్త్రీయముగాఁ జూచిన నది మెచ్చఁదగినదే. కాని ప్రతి దెబ్బకును పట్టికను వెదకుట భారమై, యాడువా రనేకులు దానిని విడిచిపెట్టిరి. నియమము సత్యమును జూపవలెను. అయితే యాటను నిలువఁబెట్టి చూపరాదు.

ఇంతకంటె గొప్ప యన్యాయము మఱియొకటి గలదు. రేకుల కవచము వెల 1,500 బంగారు నాణెములు. గొలుసు కవచము వెల 75 మాత్రమే. ఆటలో నొకఁడు పెక్కు దినములు సాహసములు చేసి, ఇతరములు కొనక కూడఁబెట్టి, కడకు రేకుల కవచమును గొనును. మఱునాఁడు డంజన్ మాస్టరు వచ్చి, "నేఁటినుండి కవచము పనిని మార్చితిని" అన్న నేమగును? ఆ నాణెములు కల్పితములే. కాని వానిని గూర్చుటకుఁ బట్టిన సాయంకాలములు కల్పితములు గావు. నడుమ నియమము మార్చుట వానిని దోచుకొనుటతో సమానము. అందును డంజన్ మాస్టరు శత్రువుల పక్షమున నాడువాఁడు, తగవు తీర్చువాఁడును ఆయనయే. ఇంత యధికారము చేతనున్నవాఁడు మిక్కిలి జాగరూకతతో మెలఁగవలెను.

కావున ఇంటి నియమము చేయఁగోరువారు నాలుగు సంగతులు పాటింపవలెనని నా మనవి. మొదటిది: ఏ కొఱఁతను దీర్చుటకు ఈ నియమము చేయుచున్నామో ఒక్క వాక్యములోఁ జెప్పఁగలిగి యుండవలెను. రెండవది: మిక్కిలి చిన్న దెబ్బతోను, మిక్కిలి పెద్ద దెబ్బతోను లెక్క వేసి చూడవలెను, నడిమి దెబ్బ యొక్కదానితో సరిపుచ్చుకొనరాదు. మూఁడవది: మన పాత్రలకు వర్తించిన నియమము శత్రువులకును వర్తింపవలెను. నాలుగవది: కథ మొదలిడక మునుపే చెప్పి, అందఱ సమ్మతిని బొంది, ఒక పుస్తకమున వ్రాసి యుంచవలెను. కథ నడుచుచున్నప్పుడు చేయవలసి వచ్చినచో, మూఁడు నాలుగు కూటములకుఁ బరీక్షగా నుంచి, పిమ్మట మరల నందఱిని అడుగవలెను.

మఱియొక మాట. క్రొత్త నియమము చేయుటకు ముందు, ఉన్న నియమమును బాటించి చూడుఁడు. రేకుల కవచము తొడుగుటకు 10 నిమిషములు, విప్పుటకు 5 నిమిషములు పట్టునని గ్రంథములోనే యున్నది. దానిని దొడిగి చప్పుడు లేక నడచుట కష్టమనియు, తగిన బలము లేనివాని నడక మందగించుననియు నున్నది. అలవాటు లేని కవచము తొడిగినవాఁడు సరిగాఁ గొట్టలేఁడు, మంత్రము ప్రయోగింపలేఁడు. సౌలు కవచమును దావీదు తొడిగి చూచి, వాడుక లేదని విప్పివేసిన కథ యెఱిఁగినవారికి ఇది వింత గాదు. గాఢనిద్రకుఁ గవచముతోనే పండుకొనువానికి విశ్రాంతి పూర్ణముగాఁ గలుగదను ఐచ్ఛికనియమమును 2017లో మఱియొక గ్రంథమునఁ జేర్చిరి. ఈ కట్టుబాట్లను మఱచి, కవచధారికి నడ్డు లేదని యనుకొని, వానిని అణఁచుటకుఁ గ్రొత్త నియమము చేయుట తొందరపాటు.

అట్లే, అసత్యమును సత్యమనుకొని నియమము చేయరాదు. కవచధారి క్రిందఁబడినచో లేవలేఁడనియు, గుఱ్ఱ మెక్కుటకుఁ గప్పీతో నెత్తవలెననియుఁ బెక్కుమంది నమ్ముదురు. 1944లో వచ్చిన హెన్రీ ది ఫిఫ్త్ అను చలనచిత్రమునందలి దృశ్య మా నమ్మకమును వ్యాపింపఁజేసినది. వాస్తవమున 15వ శతాబ్దపుఁ బూర్ణకవచములు సాధారణముగా 15 మొదలు 25 కిలోల బరువు గలవి. ఆ బరువు ఒడలెల్ల సమముగాఁ బంచుకొనఁబడుటచే, అలవడినవాఁడు దానితోఁ బరుగిడఁగలఁడు, తనంతఁ దానే గుఱ్ఱ మెక్కఁగలఁడు. ఆటగ్రంథములో వ్రాసిన బరువు 65 పౌనులు, అనఁగా దాదాపు 29 కిలోలు. ఆటలోని యినుమే నిజమైన యినుముకంటె బరువుగా నుండఁగా, దానికి మఱింత భారము చేర్చుట యెందులకు?

కవచము దెబ్బను మ్రింగవలెనను కోరిక తీఱుటకు నేను మెచ్చు చిన్న నియమ మొకటి గలదు. అది పెక్కు బల్లలయొద్ద వాడుకలో నున్నది. పెద్ద దెబ్బ తగిలినప్పుడు డాలుగలవాఁడు, "డాలు పగులుఁగాక" అని చెప్పి, ఆ దెబ్బను డాలుమీఁద వేసుకొనవచ్చును. దెబ్బ పోవును, డాలును పోవును. లెక్క లేదు, పట్టిక లేదు. ఎప్పుడు డాలును బలి యీయవలెనో ఆడువాఁడే నిర్ణయించుకొనును. డాలు వెల 10 నాణెములే కాఁబట్టి, పది డాళ్లు మూటగట్టి తెచ్చువాఁ డుండవచ్చును. ఒక్క యుద్ధమున నొక్కమాఱే యని కట్టడి చేసిన నా చిక్కు తీఱును. శత్రువుల డాళ్లును అట్లే పగులవచ్చును. అందుచే బాకు పట్టిన బాలునికి నెట్టి లోపమును లేదు. ఇంకను గావలెనన్నవారికి, బరువైన కవచమునందు ఆఱితేఱినవాఁడు సామాన్యాయుధముల దెబ్బనుండి 3 తగ్గించుకొను విశేషము 2014 నాఁటి గ్రంథమునందే యున్నది. అది కోరి నేర్చినవానికే లభించును. ఇతరుల యాటను జెఱుపదు.

ప్రియ విద్యార్థులారా! మీరు రేపు పెద్దలై సంఘములందును, పంచాయతులందును, కార్యాలయములందును నిజమైన నియమములు చేయవలసినవారు. అప్పుడును ఇట్టి ప్రశ్నలే యెదురగును: ఈ కట్టుబాటువలన మిక్కిలి చిన్నవాని కేమగును? చేయువానికిని ఇది వర్తించునా? ముందుగాఁ జెప్పితిమా? తలిదండ్రులు తమ పిల్లలు పాచికలు వేయుచు కవచములను గూర్చి వాదించుట జూచినచోఁ గాలము వృథా యని కోపింపక, ఒకమాఱు ప్రక్కనఁ గూర్చుండి వినఁ బ్రార్థించుచున్నాను. వాదము న్యాయమార్గమున నడుచుచున్నదో లేదో విచారించి, అవసరమైనచో, ఆ బల్లయొద్ద నోరు మెదపక కూర్చున్న బాలుని లేక బాలికను, "నీ యభిప్రాయ మేమి?" అని అడుగుఁడు.